దొరగారి గొంతు

స్వాగతం దొరగారూ, అంది కంప్యూటర్. నోటితో అనలేదు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో అంది, కానీ ఆమెకు వినిపించినట్టే ఉంటుంది, ప్రతిసారీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. దొరగారు ఇల్లు విడిచిపోయి ఏళ్ళు గడిచాయి, వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టాడు, ఈ ముసలి డబ్బాకి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు. ఎవరు లాగిన్ అయినా దొరగారే వచ్చాడనుకుంటుంది. తనకు తానే స్వాగతం చెప్పించుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడు, తనకే దొరికాడు. పెళ్ళయిన కొత్తలో ఆ అక్షరాలు చూసి నవ్వింది, ముచ్చటపడింది కూడా, అలా ముచ్చటపడిన తనని ఇప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు దులపాలనిపిస్తోంది. మధ్యాహ్నానికి వస్తున్నాడు. నా కంప్యూటర్ తీసుకెళ్తాను, అలాగే అమ్మని కూడా, అన్నాడు నిన్న ఫోన్లో. ఆ అలాగే దగ్గర ఆమె నిన్నటినుంచి ఆగిపోయి ఉంది. అలాగే అట. బజారుకు వెళ్ళినవాడు ఎలాగూ సంచి తెచ్చాం కదా అని ఇంకో వస్తువు వేసుకున్నట్టు. ఇన్నేళ్ళు గుడ్డ కప్పి మూల పడేసిన కంప్యూటర్ ఇప్పుడెందుకు కావాలో ఆమెకు తెలుసు. కోడలు నీ కంప్యూటర్ మీద నా చదివే పెట్టె బాగుచేస్తోందిరా అని అత్తయ్య అమాయకంగా ఫోన్లో చెప్పింది, అంతే, దొరగారికి తన సొత్తు గుర్తొచ్చింది.

పక్క గదిలో అత్తయ్య దగ్గింది. అది దగ్గు కాదు, ఎంతవరకు వచ్చింది అని అడగడం. నోరు తెరిచి అడిగితే తొందరపెట్టినట్టు ఉంటుందని దగ్గుతుంది. సగం జీవితం అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి, తప్పు దొరికితే తప్ప మాట్లాడే అలవాటు లేదు. అన్నేళ్ళు అక్షరాలు ఏరిన కళ్ళు చివరికి అక్షరాలకే దూరమయ్యాయి, ముందు మసక, తర్వాత నీడలు, ఆ తర్వాత ఏమీ లేదు. అందుకోసం పుట్టింది ఆ చదివే పెట్టె. పలక మీద పుస్తకం తెరిచి పెడితే పైనున్న కెమెరా పేజీ చూస్తుంది, పెట్టె చదివి వినిపిస్తుంది, పేజీ అయిపోగానే తిప్పమంటుంది, అత్తయ్య వేలు తడుపుకుని తిప్పుతుంది. కిందటి నెల ఒక నవల మధ్యలో, వాక్యం కూడా పూర్తికాకుండా, పెట్టె ఆగిపోయింది. లోపలి మెమరీ కార్డు అరిగిపోయింది. కొత్త కార్డు కొనడం ఎంతసేపు, దాని మీద వెయ్యాల్సిన ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడిది? అంగట్లో దొరికేది కాదు, తను ఇంట్లో కట్టుకున్నది. దాని సోర్సు, అంటే మనుషులు రాసిన అసలు రాత, ఈ డబ్బాలో ఉంది. ఆ రాతను పెట్టెకు అర్థమయ్యే భాషలోకి మార్చి, ముక్క మీద ముక్క పేర్చి, సిస్టమ్ మొత్తం మళ్ళీ మొదటినుంచి కట్టుకు రావాలి. అలా కట్టడానికి కింద నేలలా ఇంకో కంప్యూటర్ ఉండాలి, దాన్నే హోస్ట్ అంటారు. సోర్సు పెన్‌డ్రైవ్‌లోకి ఎప్పుడో ఎక్కించుకుంది, కానీ నేల ఏది? ఆమె పనిచేసేది లిఫ్టుల కంట్రోలర్లు తయారుచేసే కంపెనీలో, అక్కడ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో తెర మీది బొమ్మ మార్చాలన్నా పైవాళ్ళ అనుమతి కావాలి. మిగిలింది ఇదొక్కటే, దొరగారి డబ్బా.

ఇల్లలకగానే పండగ కాదంటారు. పండగ సంగతి దేవుడెరుగు, అలకడానికే పొద్దున్నుంచి నడుం విరుగుతోంది. సోర్సుని పెట్టె భాషలోకి మార్చే కంపైలర్ పాతది, దాన్ని మార్చింది. సోర్సుని చదివి అర్థం చేసుకోవాల్సిన పనిముట్లలో రెండు అసలు లేవు, అవి వేసింది. షెల్ దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. షెల్ అంటే మనం టైపు చేసే ఆజ్ఞలు విని పని చేయించే మేస్త్రి, ఒక పేరు పెట్టి పిలిస్తే ఒకడు పలకాలి, ఇక్కడ ఇంకొకడు పలుకుతున్నాడు. ఆ పేరు ఒట్టి లింకు, ముద్దుపేరు లాంటిది, ఎవరివైపు తిప్పితే వాళ్ళు పలుకుతారు. దొరగారు తనకు నచ్చినవాడివైపు తిప్పుకున్నాడు, తిప్పుకున్నవాడు తిన్నగా ఉన్నాడా, అందరికీ తెలిసిన మామూలు ఆజ్ఞలకి కూడా తన సొంత పొట్టి పేర్లు పెట్టుకుని, ఆ పాత పేర్లతో పిలిస్తే ఇంకేదో జరిగేలా చేసిపెట్టాడు. ఈ ఇంట్లో వంటింటి డబ్బాలు కూడా తన చెయ్యి అందే ఎత్తులోనే ఉండాలనేవాడు, ఎన్నడూ వంట చెయ్యనివాడు. కాఫీ పొడి కోసం ఆమె స్టూలు ఎక్కేది. స్టూలు ఎందుకు ఎక్కుతున్నావు, నన్నడిగితే తీసిస్తాను కదా అనేవాడు. అడగాలి. అదీ కిటుకు. ఆ పొట్టి పేర్లన్నీ ఒక్కొక్కటే పట్టుకుని తీసేస్తుంటే ఆమెకి పళ్ళు పటపటమంటున్నాయి, కానీ ఎక్కడో చిన్న సుఖం కూడా ఉంది, ఆ సుఖం మీద కూడా కోపం వచ్చింది, మనిషి పోయాక మరకలు కడుక్కుంటూ సంతోషపడే స్థితికి వచ్చానా అని.

మరకలు ఊరికే పోవు కూడా. ఈ పనిలో అసలు భయం అదే. హోస్ట్ వాసన కొత్త సిస్టమ్‌కి అంటకూడదు. కట్టేటప్పుడు కొత్తదానికి కావలసిన సామాను దాని దగ్గర లేకపోతే, అది చప్పుడు చెయ్యకుండా హోస్ట్ సామాను వాడేసుకుంటుంది, అంతా బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది, తీరా హోస్ట్‌లోంచి బయటికి తీశాక ఒక్క అడుగు వెయ్యదు. అందుకే చివర్లో ఒక కొత్త యూజర్ని సృష్టించి, వాడికి దొరగారి అలవాట్లు ఏవీ తగలకుండా ఖాళీ చేతులతో కూర్చోబెట్టి, అప్పుడు మొదలుపెట్టాలి. అది చివరి మెట్టు. ఖాళీ చేతులతో కూర్చోవడం ఎలాగో ఆమెకెవరూ నేర్పక్కర్లేదు. అతను వెళ్ళిన వారం అలాగే కూర్చుంది, ఏడవలేదు, అరవలేదు, అందరూ అదేదో గొప్ప నిబ్బరం అనుకున్నారు. నిబ్బరం కాదు, ఎక్కడ మొదలుపెట్టి తిట్టాలో తెలియకపోవడం.

ఇప్పుడు తెలుసు, బట్టల అలమర దగ్గర మొదలుపెట్టాలి. పెట్టెకు గొంతు కావలసివచ్చినప్పుడు నా గొంతే పెడదాం, అమ్మకి కొడుకు గొంతు కన్నా ఏం కావాలి అన్నాడు, నిజమే, ఆ మాటకి ఆమె కళ్ళు చెమర్చాయి కూడా. అలమరలో బట్టలన్నీ తీసి, చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, లోపల మైకు పెట్టి అతన్ని కూర్చోబెట్టింది. వేల వాక్యాలు చదవాలి. మొదటి రెండు రోజులు బాగానే చదివాడు. తర్వాత చదివింది అతను కాదు, అతని విసుగు. ప్రతి వాక్యం ముందు ఒక నిట్టూర్పు, చివర నాలుకతో ఒక చప్పుడు, పొడుగు వాక్యమైతే సగంనుంచి పరుగు, ఇంకెన్ని ఉన్నాయి అన్న మాట ఎన్నిసార్లు రికార్డయిందో. అతను లేచి స్నేహితుల దగ్గరికి పోయేవాడు, ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేది. నిట్టూర్పులు కోసేసింది. నాలుక చప్పుళ్ళు ఏరేసింది. పరుగెత్తిన చోట సాగదీసింది, కామా దగ్గర కాసేపు ఆగడం, వాక్యం చివర మెల్లగా దిగడం, అన్నీ కుట్టుపని చేసినట్టు ఒక్కొక్క అక్షరం పట్టుకుని అతికింది. ఆ తర్వాత ఒకరోజు పత్రికవాళ్ళు వచ్చారు, అమ్మకు గొంతునిచ్చిన కొడుకు అని ఫోటో వేశారు. ఫోటోలో అతనున్నాడు, అత్తయ్య ఉంది, పెట్టె ఉంది, పక్కన ఒక మోచెయ్యి ఉంది, అది ఆమెది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా.

అది కూడా మింగింది. మింగలేకపోయింది ఆ తర్వాతది. మనిషి పోయాడు, గొంతు పోలేదు. పొద్దున్నే మొదలు, ముందుగదిలో అతను నవల చదువుతుంటాడు. ఎంత ప్రేమగా, ఎంత నిదానంగా. ఆమె కూరగాయలు తరుగుతుంటే నాయకుడు నాయికను క్షమించమని వేడుకుంటాడు అతని గొంతుతో, ఈ జన్మలో ఆ నోటినుంచి క్షమించు అన్న మాట ఆమె వినలేదు. ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే గుమ్మం దగ్గరే అతని పలకరింపులా ఏదో వాక్యం తగిలేది, ఒక్క క్షణం ఒళ్ళు ఝల్లుమనేది, తర్వాత మండేది. తీసెయ్యమని అత్తయ్యకి ఎలా చెబుతుంది? కన్నతల్లి. కొడుకు వెళ్ళిపోయినప్పుడు అమ్మా నువ్వూ రా అన్నాడు, నాకు ఈ ఇంటి గోడలు తెలుసురా, కొత్త గోడలు ఇప్పుడు నేర్చుకోలేను అంది అత్తయ్య. అంతే అంది. గోడల కోసం ఉండిపోయిందా, తన కోసం ఉండిపోయిందా అన్నది ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు, గోడలే అంటుందేమోనని. పెట్టె ఆగిపోయిన రోజు హమ్మయ్య అనుకుంది. రెండో రోజు ఆఫీసునుంచి వచ్చేసరికి అత్తయ్య చచ్చిన పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది, మూడో రోజూ అంతే. సాయంత్రాలు తనే చదివి వినిపించేది, రెండు పేజీలకే గొంతు పట్టేసేది, కళ్ళు మూతలు పడేవి, పడుకో అమ్మాయ్ అనేది అత్తయ్య. సాయంత్రం సరే, పొద్దంతా? అందుకే ఈరోజు సెలవు పెట్టి కూర్చుంది. ఎవరి గొంతు వింటే కడుపు రగులుతుందో ఆ గొంతునే మళ్ళీ బతికించడానికి. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. పైగా దొరగారు వాళ్ళింట్లో కొత్త పెట్టె కొన్నాడట, దుకాణంలో దొరికేది, ఏ గొంతైనా మార్చుకోవచ్చట, అక్కడ గోడల్ని చూస్తూ ఏం చేస్తావమ్మా అన్నాడట. చూస్తూ అట, చూపు లేని మనిషితో. మధ్యాహ్నానికి ఈ డబ్బా పోతే అత్తయ్యకి ఇక్కడ మిగిలేవి నిజంగా గోడలే, గోడల కోసం ఎవరు ఉంటారు?

తొందరపడకూడదు. తొందరపడితే ఈ పనిలో క్షమించేవాడు లేడు. డిస్కులో ఖాళీగా ఉన్న భాగాన్ని వేరు చేసి, ఫార్మాట్ చేసి, ఒక ఫోల్డరుకి తగిలించింది. కొత్త సిస్టమ్ అంతా ఆ ఫోల్డరులోనే పుట్టాలి, గడప దాటి హోస్ట్‌లోకి రాకూడదు. ప్రతిసారీ ఆ పొడుగు చిరునామా టైపు చెయ్యకుండా దానికో చిన్న పేరు పెట్టింది. దాన్ని వేరియబుల్ అంటారు, ఆ పేరు అంటే ఈ చిరునామా అని కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది, కాకపోతే పెట్టిన విండోలోనే గుర్తుపెట్టుకుంటుంది, పక్క విండోలో ఆ పేరు చెబితే దానికి ఏమీ లేదనే అర్థం. ఈ పని చేసేవాళ్ళందరికీ ఇది తెలుసు, అందరూ జీవితంలో ఒక్కసారైనా మరిచిపోతారు. పెట్టె పాత కార్డులోంచి కష్టపడి కాపాడిన మూల లైబ్రరీని ఇప్పుడు కొత్త ఫోల్డరులో విప్పాలి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. ఊళ్ళోకి వచ్చేశాను, గంటలో ఉంటాను, అమ్మ బట్టలు సర్దిపెట్టు, మందులు మరిచిపోకు, నిన్నటిలా ముక్తసరిగా మాట్లాడకు, ఏం చేస్తున్నావు, దాన్ని కెలక్కు, అందులో నా పని ఉంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి ఊఁ అంటూనే ఆమె ఆ లైబ్రరీ ఎంత పెద్దదో చూద్దామని ఇంకో విండో తెరిచింది. నా పని అన్న మాట చెవిలో పడింది. నా పని అట, నిట్టూర్పులు తప్ప ఇందులో నీదేముంది అనుకుంటూ, అనలేక, ఆ కోపమంతా వేళ్ళలోకి దిగి, ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొట్టింది. కొట్టిన విండో రెండోది.

పేరుకి అర్థం లేని చోట చిరునామా ఖాళీ అయింది, ఖాళీ అంటే ఈ కంప్యూటరే అని అర్థం. పెట్టె లైబ్రరీ వెళ్ళి హోస్ట్ సొంత లైబ్రరీ పేరు మీద కూర్చుంది. పెట్టె ప్రాసెసర్ భాష వేరు, దీని భాష వేరు. కంప్యూటర్లో ప్రతి పనిముట్టూ కదలాలంటే ఆ లైబ్రరీ తోడు కావాలి, ఇప్పుడు తోడుకి పిలిస్తే ఎవరో పరభాషవాడు పలుకుతున్నాడు. ఫైళ్ళు చూపించమంది, కుదరదంది. కాపీ చెయ్యమంది, కుదరదంది. కొత్త విండో తెరవబోయింది, తెరుచుకోలేదు, కంగారులో మొదటి విండో మూసేసింది, మళ్ళీ తెరవచ్చులే అన్న అలవాటు కొద్దీ, అది ఇక రాలేదు. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే కథల్లో వాడెవడో అనుకునేది ఇన్నాళ్ళూ. ఫోన్ ఎప్పుడు పెట్టేశాడో తెలియదు. తిట్టింది, పైకే తిట్టింది, అతన్ని, అతని ఫోన్ని, అతని గొంతుని, అతను కనిపెట్టిన ప్రతి పొట్టి పేరుని, పరధ్యానపు తన చేతుల్ని, మోచెయ్యి ఒక్కటే పడేలా ఫోటో తీసిన ఆ ఫోటోగ్రాఫర్ని కూడా. ఇంట్లో ఇంత గట్టిగా అరిచి ఎన్నేళ్ళయిందో. గోడ పట్టుకుని నడిచి వస్తున్న అత్తయ్య గుమ్మంలో ఆగింది.

"ఏమైంది అమ్మాయ్?"

"పాడుచేశాను అత్తయ్యా. మీ అబ్బాయి ఫోన్లో మాట్లాడుతుంటే చేతులారా పాడుచేశాను."

"పూర్తిగానా?"

ఆమె తెర వైపు చూసింది. మిగిలిన ఒక్క విండోలో టైపు చెయ్యమనే గుర్తు ఇంకా మినుకుమంటోంది. పూర్తిగా కాదు. ప్రాణం పోకముందే లోపల కూర్చున్నవాడు ఒకడున్నాడు, ఈ విండోలోని షెల్. వాడు ముందే తన సామానంతా సర్దుకుని ఉన్నాడు కాబట్టి బతికే ఉన్నాడు, కానీ ఈ విండో మూసినా, కంప్యూటర్ ఆపినా, కరెంటు పోయినా, మళ్ళీ లేచేది ఉండదు. ఆ మాటే అత్తయ్యకి చెప్పింది, ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు, ఆపకూడదు అంది. అత్తయ్య సరేనంది. తడుముకుంటూ కుర్చీ లాక్కుని, చప్పుడు వస్తున్న డబ్బాకి మోకాళ్ళు ఆనేలా దాని ముందు కూర్చుంది, ఇక ఆవిడని దాటకుండా ఎవరూ స్విచ్ అందుకోలేరు. ఆమె ఆలోచన మొదలుపెట్టింది. పాత లైబ్రరీ చచ్చిపోలేదు, వెర్షన్ అంకెలున్న తన అసలు పేరుతో అక్కడే పడి ఉంది, అందరూ పిలిచే ముద్దుపేరు మాత్రం ఇప్పుడు పరాయివాడివైపు చూపిస్తోంది. ఆ లింకు వెనక్కి తిప్పాలి. తిప్పే పనిముట్టు నడవాలంటే ఆ లైబ్రరీయే కావాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టుంది. దారి ఉంది, అసలు పేరు పెట్టి నేరుగా పిలిచి, నువ్వే దగ్గరుండి ఈ ఒక్క పనిముట్టుని నడిపించు అని చెప్పాలి. ఆ అసలు పేరులో అంకెలు ఏమిటో తెలియాలి. ఫైళ్ళు చూపించే పనిముట్టు లేదు. గేటు చప్పుడైంది.

దొరగారు లోపలికి వచ్చాడు. కాస్త లావయ్యాడు, అదే సెంటు, అదే నడక, ఈ ఇంట్లో ఇంకా ఏ గడప ఎక్కడుందో చూసుకోకుండా నడుస్తున్నాడు, ఆ చూసుకోకపోవడం ఆమె గుండెలో చురుక్కుమంది. తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టి, తల పైకెత్తి తెర వైపు చూశాడు, రెండు వరుసలు చదివాడు, అర్థమైంది, నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అంటారు గానీ, మొగుడే నవ్వితే ఏమనాలో ఎవరూ చెప్పలేదు. వేరియబుల్ మరిచిపోయావు కదా, అందరూ చేసేదేలే, ఇక ఇది లేవదు, ఆపెయ్, నేను పట్టుకుపోయి కొత్తగా వేసుకుంటాను, అమ్మా బయల్దేరదామా, అంటూ స్విచ్ కోసం వంగాడు. తల్లి మోకాళ్ళు తగిలాయి.

"ముట్టుకోకురా," అంది అత్తయ్య. "అది పని చేసుకుంటోంది."

పని లేదు గాడిద గుడ్డూ లేదు, చచ్చిపోయిందమ్మా అది, అన్నాడు. అయితే చావనీ, తొందరేముంది, వచ్చావు కదా కూర్చో అంది ఆవిడ. ఆ బల్ల మీద పుస్తకం ఉంది, పెట్టె ఆగిపోయిన చోట పుల్ల పెట్టి ఉంచాను, అక్కడినుంచి చదువు, నువ్వు చదివి చాలా రోజులైంది అంది. అతను వాచీ చూసుకున్నాడు. కింద కారు నిలబెట్టి వచ్చాను అన్నాడు. నిలబడుతుందిలే అంది అత్తయ్య. అతను పుస్తకం తీశాడు. ఆమెకి చిర్రెత్తుకొచ్చింది, ఇప్పుడే ఇది కావాలా, ఈవిడ ఇంకా ఆ గొంతు కోసమే మొహం వాచి ఉందా, అయితే వెళ్ళనీ, వెళ్ళి తనివితీరా వినమను, అనుకుంటూ అటు వీపు తిప్పి తెర వైపు వంగింది. ఫైళ్ళు చూపించే పనిముట్టు లేకపోతేనేం, ఎదురుగా ఏమున్నాయో అన్నీ పలుకు అంటే షెల్ తనకు తానే పలుకుతుంది, దానికి ఎవరి తోడూ అక్కర్లేదు. పలికింది. చాంతాడంత వరుసలో పేర్లు వచ్చాయి, వాటి మధ్యలో పాత లైబ్రరీ, దాన్ని పనిముట్లకి జతచేసి నడిపించే లోడర్, అంకెలతో సహా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాయి.

వెనక అతను చదువుతున్నాడు. ముందు ఒక నిట్టూర్పు. మొదటి వాక్యం సరిగానే ఉంది. రెండోదాని చివర నాలుక చప్పుడు. పొడుగు వాక్యం వచ్చింది, సగంనుంచి పరుగెత్తాడు, కామాలు కాళ్ళకింద పడి నలిగాయి, ఎవరో తల్లి ఎవరో బిడ్డకి చెబుతున్న మాట రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా గడిచిపోయింది. ఆమె వినకూడదనుకుంటూనే వింది, ఒక్కొక్క నిట్టూర్పూ గుర్తుపట్టింది, ఇది కోశాను, ఇది కోశాను, ఇక్కడ సాగదీశాను, ఇదిగో ఇక్కడ కాసేపు ఆపాను. చేతులు ఒక పక్క అసలు పేరు టైపు చేస్తున్నాయి, అంకె తర్వాత అంకె, చుక్క తర్వాత చుక్క. లింకు వెనక్కి తిప్పు. లోడర్ లింకు కూడా. ఎంటర్. తెర ఏమీ అనలేదు, ఇలాంటి చోట ఏమీ అనకపోవడమే మంచి మాట. ఫైళ్ళు చూపించమంది. చూపించింది. కళ్ళు మూసుకుని తెరిచింది. అతను పేజీ తిప్పాడు, ఇంకెంత ఉందమ్మా అన్నాడు, ఆ మాట కూడా ఆమెకి బాగా పరిచయమే.

"చాల్లే," అంది అత్తయ్య. "ఇది కాదురా. నేను వినేది ఇది కాదు."

పెట్టెలో ఉన్నది నా గొంతే కదమ్మా, అన్నాడు అతను, నిజంగానే అర్థంకాక.

"గొంతు నీదేరా. ఓపిక నీది కాదు. నేను ప్రూఫులు దిద్దినదాన్ని, రాసిందెవరో దిద్దిందెవరో నాకు తెలియదా? మొదటి రోజునుంచీ తెలుసు. ఇన్నేళ్ళూ నాకు చదివి వినిపించింది ఈ అమ్మాయి."

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తుంది, అతని ముందు ఏడవడం ఇష్టం లేదు. మొదటి రోజునుంచీ తెలిసి, పత్రికవాళ్ళు వచ్చిన రోజు ఎందుకు చెప్పలేదు ఈవిడ అని కోపం కూడా వచ్చింది, ఆ కోపాన్ని పక్కన పెట్టుకుంది, తీరిగ్గా అత్తయ్యతోనే తేల్చుకోవాలి, బోలెడంత సమయం ఉంది. అతను ఏదేదో అన్నాడు, అమ్మ వయసు గురించి, కొత్త పెట్టె గురించి, హక్కు గురించి, చివరికి కంప్యూటర్ గురించి. పని అయ్యాక పట్టుకుపో, ఎవరొద్దన్నారు అంది అత్తయ్య, నన్ను మాత్రం సామాన్ల లెక్కలో వెయ్యకు, వచ్చేటప్పుడు ఫోన్ చెయ్యకు, పని చేసుకునేవాళ్ళ చెయ్యి జారుతుంది. అతను వెళ్ళిపోయాడు. ఈసారి గడప తగిలింది, ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు.

ఆమె మొదటినుంచి మళ్ళీ చూసుకుంది. వేరియబుల్ పెట్టింది, పెట్టానా లేదా అని పలికించి చూసింది, లైబ్రరీని ఈసారి దాని ఫోల్డరులోనే విప్పింది. చివరి మెట్టు మిగిలింది. కొత్త యూజర్ని సృష్టించి, పాత అలవాట్లన్నీ గడప బయటే వదిలేసేలా చేసి, లాగిన్ అయింది. తెర మీద ఏ స్వాగతమూ రాలేదు. ఖాళీ నల్లటి తెర, మూలన మినుకుమనే గుర్తు, అంతే. అత్తయ్య కుర్చీలోంచి కదల్లేదు, మోకాళ్ళు ఇంకా డబ్బాకి ఆనించే ఉన్నాయి. దగ్గింది.

"ఇంకా మొదలే కాలేదు అత్తయ్యా," అంది ఆమె. "ఇప్పటిదాకా నేల సిద్ధం చేశాను, అంతే."

"అయితే మొదలుపెట్టు," అంది అత్తయ్య. "నేనెక్కడికీ పోవట్లేదు కదా."